మొలతాడుకు తాళంచెవి

శివలింగపురంలో కిరండూల్ పాసింజరు ఆగి ముప్పావు గంటయింది. ముందు పవర్ బ్లాక్ ఉందట. కిటికీలోంచి చూస్తే అవతలి పట్టాల మీద టవర్ వ్యాగన్ నిలబడి ఉంది. దాని నెత్తిన కటకటాల వేదిక, వేదిక మీద ఎవరూ లేరు. కింద ఒకతను పొడవాటి కడ్డీ పట్టుకున్నాడు. కడ్డీకి వేలాడుతున్న లావుపాటి తీగ చివరను ముందుగా పట్టాకు బిగించి, లాగి చూశాడు. ఆ తరువాతే కడ్డీని పైకెత్తి కొక్కేన్ని పైతీగకు తగిలించాడు. కొంత దూరంలో ఇంకొకతను అలాగే చేశాడు. రెండు కడ్డీలూ పడ్డాకగాని వేదిక మీదికి మనుషులు ఎక్కలేదు.

ఎదురు సీట్లో కూర్చున్న పాప కూడా అదే చూస్తోంది. "కరెంటు తీసేశారు కదా నాన్నా, మళ్లీ ఆ కర్ర ఎందుకు?" అని అడిగింది.

"తీసేసినామని ఎవులో ఫోన్లో సెప్పింది మాటమ్మా. కడ్డీ ఏసుకుంటే, ఆ మాట అబద్దమైపోనా మనకేటీ అవదు" అన్నాడు తండ్రి.

అతను కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. రెండ్రోజులు సెలవు దొరికితే పెళ్లాన్నీ పిల్లనీ అరకు చూపించడానికి తీసుకెళ్తున్నాడు. నేను వెళ్తున్నది అరకు దాటి, మాచ్‌ఖండ్‌కు. చిన్నప్పుడు మా ఇంట్లో మొదటి బల్బు వెలిగిన రాత్రి, ఈ వెలుతురు మాచ్‌ఖండ్ కొండల్లోంచి వచ్చిందని నాన్న చెప్పారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ యంత్రాల మధ్యే బతికాను గాని ఆ చోటు మాత్రం చూడలేదు. అరవై దాటాక ఇప్పటికి కుదిరింది.

పైన ఉన్నది 25 వేల వోల్టుల తీగ. దాన్ని ఆపాలంటే ట్రాక్షన్ పవర్ కంట్రోలరుకీ పని చేసే సూపర్‌వైజరుకీ మధ్య ప్రైవేటు నంబర్లు మారాలి, రెండువైపులా రాసుకోవాలి. అంతా పూర్తయినా తీగను ఇంకా చచ్చినట్టు లెక్కించరు. పక్క లైనులో కరెంటు పారుతుంటే ఆపిన తీగలోనూ ప్రేరణవల్ల వోల్టేజి పుడుతుంది, అది మనిషిని చంపడానికి చాలు. ఎవరైనా పొరపాటున కరెంటు వదిలితే, అది ఆ కడ్డీ గుండా నేలలోకి పోయి సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. పని జరిగే చోటుకు రెండువైపులా కడ్డీలు వేసేది, కరెంటు ఏ పక్కనుంచి వస్తుందో ముందే తెలియదు కనక.

బ్లాకు ఎత్తేసరికి మరో అరగంట పట్టింది. మనుషులు దిగారు, లెక్క చూసుకున్నారు, కడ్డీలు తీశారు. తీసేటప్పుడు ముందు పైతీగ కొక్కెం, తరువాత పట్టా దగ్గరి బిగింపు. వేసినప్పటికి సరిగ్గా తలకిందులు. ఈ వరస తప్పితే కడ్డీ పట్టుకున్న చేయే నేలకు దారవుతుంది.

రైలు కదిలాక సొరంగాలు మొదలయ్యాయి. ఈ కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకూ అక్కణ్నుంచి జపానుకూ చేరాలని 1960ల్లో కొండల్ని తొలిచి వేశారు. చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. తైడ దగ్గర ఎదురుగా ఖనిజం గూడ్సు దిగింది. వ్యాగన్లు ఎరుపెక్కి, నిండుగా ఉన్నాయి. ఈ లైనులో నిండు బళ్లు దిగుతాయి, ఖాళీ బళ్లు ఎక్కుతాయి. దిగే బండికి ఇంజను లాగుడు అక్కర్లేదు, పట్టి ఉంచడమే పని. కొత్తరకం ఇంజన్లు అలా పట్టి ఉంచుతూ పుట్టిన కరెంటును తిరిగి పైతీగలోకే పంపిస్తాయి. లైన్‌మన్‌కు ఈ సంగతి చెప్పాను. అతను ఆ బండి పోయినవైపే చూస్తూ, "మా డ్యూటీలో మమ్మల్ని తినేసింది ఇదేనండి, ఎనక నుంచి వచ్చే కరెంటు" అన్నాడు.

హుద్‌హుద్ తరువాత రోజుల సంగతి చెప్పాడు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక వీళ్లు రోజుల తరబడి స్తంభాల మీదే ఉన్నారు. ఒకచోట సబ్‌స్టేషన్లో ఫీడరు ఆపి, ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కబోతూ అలవాటుకొద్దీ టెస్టరు పెట్టాడు. వెలిగింది. సబ్‌స్టేషన్ నుంచి చుక్క కరెంటు రావడం లేదు. వీధి చివర ఒక ఇంట్లో జనరేటరు వేసుకున్నారు, మెయిన్ దించకుండా. అది సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి, అక్కడ పెరిగి, పదకొండు కేవీ లైనులో కూర్చుంది. "ఎల్‌సీ కాయితం జేబులోనే ఉందండి. కాయితం సూసి ఎక్కేసుంటే..." అని ఆగిపోయాడు. భార్య పక్కనే ఉంది. ఆమెకీ మాట ఇప్పుడే తెలిసినట్టుంది.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా లైన్‌మన్ ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన మాట. పల్లెల్లో రైతులు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ దించి తామే ఫ్యూజు వేసుకుంటారు. ఒకడు ఫ్యూజు వేస్తుంటే, నారు ఎండిపోతోందని ఇంకొకడు వచ్చి హ్యాండిల్ ఎత్తేస్తాడు. అతనిలో దురుద్దేశమేమీ ఉండదు. ఆ హ్యాండిల్‌కు తాళం వేసే చోటు ఉంటుంది. తాళం మాత్రం ఎక్కడా కనపడదు. నేను తిరిగిన ఊళ్లలో చాలాచోట్ల చూసి చూసి మనసు కష్టపెట్టుకున్న విషయం ఇది.

కాగితం సంగతి అతను చెప్పాడు గాని, నా జేబు సంగతి నేను అతనికి చెప్పలేకపోయాను.

ముప్పై ఏళ్ల కిందట ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను మిల్లు హౌస్ షిఫ్టు ఇంజనీరును. క్రషింగ్ సీజను మధ్యలో చెరకు క్యారియర్ గొలుసు లింకు తెగింది. ఫిట్టరు లోపలికి దిగాలి. అప్పట్లో మా పద్ధతి ఒకటే: ప్యానెల్లో ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకోవడం. ఇక ఎవడు నొక్కినా మోటారు తిరగదని ధైర్యం. ఆ రోజు పీకింది నేను, పెట్టుకున్నది నా ప్యాంటు జేబులో. పని నడుస్తుండగా షిఫ్టు మారింది. వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ప్యానెల్లో ఫ్యూజులు లేని ఖాళీలు కనిపించాయి. యార్డులో చెరకు బళ్లు బారులు తీరి ఉన్నాయి, క్యారియర్ ఎందుకు ఆగిందని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అతను స్టోర్సు నుంచి కొత్త ఫ్యూజులు తెచ్చి వేశాడు.

కేక వినపడ్డప్పుడు నేను మిల్లు దగ్గర నిలబడి కొత్త షిఫ్టు ఇంజనీరుకు అప్పగింతలు చెబుతున్నాను. పరుగెత్తుతుంటే జేబులో ఫ్యూజులు తొడకు కొట్టుకున్న బరువు ఇప్పటికీ తెలుస్తుంది. ఆ ఫిట్టరు ఎడమచేతి నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు మిగిలింది.

తరువాత చట్టం తెచ్చుకుని చదివాను. ఫ్యాక్టరీలను దశాబ్దాలపాటు నడిపిన 1948 చట్టంలో 24వ సెక్షన్ ఉంది. కరెంటు ఆపే సాధనం తనంతట తాను గాని పొరపాటున గాని మళ్లీ పడే వీలుంటే, దాన్ని ఆపిన స్థితిలోనే తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలని 1976 సవరణలో చేర్చారు. అంటే మా ప్రమాదం నాటికి ఆ మాట పుస్తకంలో ఉంది. నేను చదవలేదు.

తాళం అంటే తాళమే. మెయిన్ స్విచ్చు హ్యాండిల్ దించి, కన్నంలో తాళం వేసి, చెవి లోపలికి దిగే మనిషి దగ్గర ఉంచుకోవాలి. అయిదుగురు దిగితే అయిదు తాళాలు. వాటన్నిటినీ పట్టే కత్తెరలాంటి కొండీలు దొరుకుతాయి. ఆఖరివాడు బయటికొచ్చి తన తాళం తీస్తేనే హ్యాండిల్ లేస్తుంది. మారుచెవి ఎవరి దగ్గరా ఉండకూడదు, మేనేజరు దగ్గర కూడా. ఫ్యూజుకు జత దొరుకుతుంది, కాగితానికి నకలు ఉంటుంది, మాటకు మరుపు ఉంటుంది. చిన్నప్పుడు మా ఊరి స్టేషన్లో స్టేషన్ మాస్టరు డ్రైవరుకు ఇనుప బంతి టోకెన్ అందించడం చూసేవాణ్ని. ఆ బంతి డ్రైవరు దగ్గర ఉన్నంతసేపూ ఇటు స్టేషన్లో గాని అటు స్టేషన్లో గాని పెట్టెలోంచి రెండో బంతి బయటికి రాదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు రైళ్లు రాకుండా కాసింది స్టేషన్ మాస్టర్ల జ్ఞాపకశక్తి కాదు, ఆ బంతి. ఇంత తెలివైన ఏర్పాటు రోజూ కళ్లముందు చూస్తూ పెరిగి కూడా ఫ్యూజులు జేబులో వేసుకున్నాను.

అరకులో చలి. గదిలో నిద్ర పట్టక పైపర్ ఆల్ఫా గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. ఉత్తర సముద్రంలోని ఆ చమురు వేదిక మీద 1988 జూలై 6న రెండు పంపుల్లో ఒకదాని సేఫ్టీ వాల్వు బాగుచేతకు విప్పారు. గొట్టం మూతికి రేకు మూత పెట్టారు గాని గట్టిగా బిగించలేదు. పని పూర్తికాలేదు, పర్మిటు కాగితం ఆఫీసులో పెట్టి వెళ్లిపోయారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నవాళ్లకు మొదటి పంపు మరమ్మతు కాగితం తెలుసు, వాల్వు విప్పిన కాగితం తెలియదు. రెండూ వేరువేరు కాగితాలు. పంపు వేశారు. 167 మంది చనిపోయారు. ఆ పంపు స్విచ్చు మీద వాల్వు విప్పినవాడి తాళం ఒక్కటి వేలాడి ఉంటే అన్న ఆలోచన నన్ను ఎన్నో రాత్రులు మేలుకొలిపింది. అక్కడ కాగితం, ఇక్కడ నా జేబు. ఎంత దూరంలో ఉన్నా రెండూ ఒకటేననిపిస్తుంది.

తెల్లారి జీపులో ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్ చేరాను. దారిపొడవునా వలిసె పూలు పసుపు పరిచినట్టున్నాయి. జలాశయం దగ్గర గాలి కూడా కదలడం లేదు. పూర్తి మట్టం 2750 అడుగులు. గట్టు మీద నిలబడితే అది నీరనిపించదు, ఆరబెట్టిన నీలిచీర అనిపిస్తుంది. అవతలి ఒడ్డున ఇద్దరు ఆడవాళ్లు బిందెలు ముంచుకుంటున్నారు. ఇంత నెమ్మదిగా ఉన్న దీన్నే కిందికి వదిలితే రెండు రాష్ట్రాల్లో దీపాలు వెలుగుతాయని ఎవరైనా చెబితేనే నమ్ముతాం.

మాచ్‌ఖండ్ నది ఇక్కణ్నుంచి దిగువన డుడుమ డ్యాము చేరుతుంది. అక్కడ మట్టం 2590 అడుగులు. ఆ తరువాత కొండ ఒక్కసారిగా తెగిపోతుంది. డుడుమ జలపాతం నూటయాభై మీటర్లకు పైబడిన దూకుడు. చూడడానికి అంచు దగ్గరికి వెళితే లోయలోంచి తుంపర పైకి లేచి కళ్లద్దాలు తడిసిపోయాయి. 1955లో మొదలైన విద్యుత్ కేంద్రం ఆ లోయ అడుగున ఉంది. పైన ఒనకడిల్లీ ఊరు, కిందికి వించ్. నీళ్లు గొట్టాల్లో పడి, ఆరు యూనిట్లను తిప్పి, మళ్లీ నదిలో కలిసి, సీలేరుగా పేరు మార్చుకుని, శబరిలో చేరి, చివరికి గోదావరి అవుతాయి. కిందికి దిగడానికి నాకు అనుమతి లేదు. పైనే టీ దుకాణం బల్ల మీద కూర్చున్నాను. అదే మంచిదయింది.

ఆ దుకాణం నడిపే కుర్రాడి తాతగారు జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ ఫిట్టరుగా ముప్పై ఏళ్లకు పైగా చేశారు. నా ఉద్యోగం వివరం విన్నాక గ్లాసు పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నారు. "పెద్దన్నా, యూనిట్ లోపలికి దిగేముందు ఏమేం చేసేవారు?" అని అడిగాను.

ఆయన వేళ్లు మడవలేదు. కళ్లు మూసుకుని, ఆ కేంద్రంలో నడుస్తున్నట్టు చెప్పారు. ముందు యూనిట్ ఆపాలి. గైడ్ వేన్లు మూయాలి. పైన మెయిన్ ఇన్‌లెట్ వాల్వు మూసి, దానికి ఇనుప పిన్ను దూర్చి తాళం వేయాలి. ఎందుకంటే ఆ వాల్వును నడిపేది నూనె ఒత్తిడి, నూనె ఎప్పుడు ఏ గొట్టంలోంచి కారుతుందో చెప్పలేం. గవర్నరు తాలూకు నూనె ఒత్తిడి కూడా ఖాళీ చేయాలి, లేకపోతే లోపల మనిషి ఉండగా వేన్లు కదులుతాయి, కత్తెరలో పడ్డట్టే. జనరేటరు బ్రేకరు, ఐసొలేటరు తీసి నేలకు కట్టాలి. అప్పుడు నత్తగుల్లలా చుట్టుకున్న ఆ పెద్ద గొట్టంలో నీళ్లు వదిలేయాలి. డ్రెయిన్ వాల్వు తెరిచాక తెరిచే ఉండేలా దానికి కూడా తాళం. పై వాల్వు చెమ్మగిల్లి నీరు కారినా నిలవకుండా పోవాలిగా.

"ఇంతా చేసి దిగిపోతే సచ్చినట్టే బాబూ" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఎనక గేటు?"

టర్బైను తిప్పిన నీరు కిందికి పోయే దారి ఉంటుంది, దాని చివర నది. నది మట్టం పెరిగితే నీరు అదే దారిన వెనక్కి ఎక్కుతుంది. అందుకని డ్రాఫ్ట్ ట్యూబు గేటు దించి, వెనకున్న నీటినీ తోడేస్తే తప్ప దిగకూడదు. పైనుంచి పడేది అందరికీ కనిపిస్తుంది, కిందనుంచి ఎక్కేది పనివాడికే తెలుస్తుందన్నారు. రైలులో లైన్‌మన్ అన్న మాట గుర్తొచ్చింది. కరెంటు, నీరు, కొండదిగే ఖనిజం బండి, అన్నీ వెనక్కి కూడా నడుస్తాయి. మా మిల్లులోనూ అంతే. పై రోలరును అదిమిపట్టే హైడ్రాలిక్ అక్యుములేటరులో మోటారు ఆపాక కూడా ఒత్తిడి బందీగా ఉండేది. చెరకు కత్తుల రోటరు కరెంటు పోయిన చాలాసేపటికి గాని ఆగేది కాదు. సప్పుడు తగ్గగానే చెయ్యి పెట్టబోయిన కుర్రాళ్లను ఎన్నిసార్లు చొక్కా పట్టుకుని వెనక్కి లాగానో.

పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు పడుతుంది. నూటయాభై మీటర్లయితే పదిహేను కిలోలు. మనిషి అరచేయంత చోటు మీదే టన్నుకు పైమాట. ఈ లెక్క ఆయనకు చెప్పాను. ఆయన లెక్క వేరే. దిగేముందు డ్రెయిన్ గొట్టానికి చెవి ఆనించి వినేవారట. పారడం ఆగిందా, సన్నగా కారుతోందా, ధార కట్టిందా. ఆ తరువాత తాళాలన్నిటినీ తానే ఒకసారి పట్టుకుని ఊపేవారు. "ఆపీసరు ఏసిన తాళమైనా సరే, నాను ఊపాలిసిందే. లోపలికెల్లేది నానుగదా."

టీ డబ్బులు తీసుకోలేదు. వించ్ పట్టాలు లోయలోకి దిగి కనపడకుండా పోయేదాకా చూసి జీపెక్కాను.

తిరుగు ప్రయాణంలో రైలు ఎక్కలేదు. అనంతగిరి ఘాటులో బస్సులో దిగి ఎస్.కోట దగ్గర ఆగాను. ముందే అనుకోలేదు. అక్కడికి నాలుగు మైళ్లలో ఆ ఫిట్టరు ఊరు. అతన్ని నేను మావా అంటాను, అతను నన్ను ఇంకా ఇంజినీరు బాబూ అంటాడు. అప్పట్లో రెండుమూడేళ్లు వెళ్లి చూసొచ్చేవాణ్ని. ఆ తరువాత ముఖం చెల్లక మానేశాను.

ఊరి మొదట్లో పిండి మర. వచ్చిన నష్టపరిహారంతో పెట్టుకున్నాడు. గడప ముందు చోళ్ల డబ్బాలు, బియ్యం గిన్నెలు వరసగా ఉన్నాయి, నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మర ఆగి ఉంది. రాళ్లు అరిగాయి, కక్కు కొట్టాలట. నన్ను చూసి లేచి, మిగిలిన బొటనవేలికీ అరచేతికీ మధ్య నా చెయ్యి నొక్కి, "కూకో బాబూ, పావుగంటలో అయిపోద్ది" అన్నాడు.

కొడుకుని కేకేశాడు. ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్లారు. మెయిన్ స్విచ్చు హ్యాండిల్ దించాడు. ఆ కన్నంలో ఒక ఇనుప పట్టీ దూర్చాడు. కమ్మరి చేత చేయించుకున్నది, నాలుగు బెజ్జాలున్నది. ఒక బెజ్జంలో తన తాళం వేశాడు. ఇంకోదాంట్లో కొడుకు తాళం వేశాడు. కొడుకు చెవిని మెళ్లో తాడుకు తగిలించుకున్నాడు. ఇతను లుంగీ కాస్త జార్చి, చెవిని మొలతాడుకు ముడి వేసుకున్నాడు. తరువాత మర దగ్గరికొచ్చి స్టార్టరు మీద పచ్చ బటను నొక్కాడు. కాసేపు ఆగి మళ్లీ నొక్కాడు. అప్పుడు గాని బెల్టు మీద చెయ్యి వేయలేదు.

"జనం నిలబడితే తొందరుంటాది బాబూ" అన్నాడు నావైపు చూడకుండా. నేను ఏమీ అనలేకపోయాను.

ఇద్దరూ పై రాయి ఎత్తి పక్కకు దింపారు. ఉలి సప్పుడు మొదలైంది. గాట్లు ఒక్కొక్కటే మధ్యనుంచి అంచుకు సాగుతున్నాయి. కొడుకు ఒక వరస కొడుతుంటే తండ్రి ఎడమ అరచేత్తో రాయి అదిమిపట్టి పిండి ఊదుతున్నాడు. బయట ఒకావిడ, "ఇంకా ఎంతసేపు మావా, పిల్లలు బడినుంచి వచ్చేస్తారు" అంది. వస్తాదమ్మా అన్నాడు గాని చేయి వేగం పెంచలేదు.

రాయి మళ్లీ ఎక్కించాక, ఉలి, సుత్తి, పాత గుడ్డ లెక్క చూసుకుని, ముందు కొడుకు వెళ్లి తన తాళం తీశాడు. ఇతను అందరినీ బెల్టుకు దూరంగా జరగమని చెప్పి, మర చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మొలతాడు ముడి విప్పాడు. ఒక్క చేత్తో విప్పడానికి కాస్త సమయం పట్టింది. సాయం చేద్దామని లేవబోయాను, కొడుకు కళ్లతోనే వద్దన్నాడు.

మర తిరిగింది. మొదటి గిన్నె చోళ్లు తొట్టిలో పడ్డాయి.